గంజి తాకని దారం

కిందటి ఆదివారం పొద్దున్నే యాదమ్మ మా ఇంటి అరుగు మీద స్టీలు గిన్నె దించింది. పైన కప్పిన మోదుగాకు తీసి చూస్తే యాట తొడ కూర, ఇంకా వెచ్చగా ఉంది. మా వైపు యాట అంటే మేక, కూర అంటే మాంసమే. వంకాయ, బెండకాయలను వాటి వాటి పేర్లతో పిలుస్తాం.

"అవ్వ లేకపాయె. ఇగ నువ్వే గుచ్చాలె పంతులమ్మా" అంది.

నేను నకిరేకల్‌లో ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతికి తెలుగు చెబుతాను. ఇంట్లో మగ్గం ఉంది. మా ఆయన నేస్తాడు, అత్తమ్మ నూలు కండెలు చుడుతుంది. కూర కోసి దండలు గుచ్చి ఎండబెట్టే పని మా ఇంటావంటా లేదు. అయినా యాదమ్మ గిన్నె ఎత్తుకుని నేరుగా నా దగ్గరికే వచ్చిందంటే దానికి అవ్వే కారణం.

అవ్వ అంటే మా సొంత అవ్వ కాదు. ఊరందరికీ అవ్వే. కాలువ అవతలి వాడలో, సర్కారు కట్టించిన ఒంటి గది స్లాబు ఇంట్లో ఉండేది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నేను ఈ ఊరికి కోడలిగా వచ్చేనాటికే ఆమె తల ముగ్గుబుట్ట. నడుం మాత్రం వంగలేదు. కొప్పులో ఎప్పుడూ ఒక దబ్బనం ఉండేది, గోనె సంచులు కుట్టే పెద్ద సూది. చర్చికి వెళ్లినా, దవాఖానకు వెళ్లినా అది కొప్పులోనే. ఒకసారి నకిరేకల్ బస్సులో వెనక సీట్లోంచి ముందుకు వంగిన ఒకాయన "ఏందవ్వా, కన్ను పొడుస్తవా?" అని గొణిగాడు. "నువ్వు మీద మీద పడకు కొడుకా, నీ కన్ను నీకాడనే ఉంటది" అంది అవ్వ, వెనక్కి తిరక్కుండానే. ఆయన రెండు సీట్లు వెనక్కి జరిగాడు. ఆ రోజు నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. నవ్వు ఆపుకోలేక కిటికీలోంచి బయటికి చూశాను.

ఒట్టి తునకలు చేయడంలో మా చుట్టుపక్కల ఆమెను మించినవాళ్లు లేరు. పండగకో, మొక్కుకో యాటను కోస్తే తినగా మిగిలిన కూరను ఉప్పు, పసుపు పట్టించి, దండలు గుచ్చి, నాలుగైదు ఎండల్లో కర్రల్లా ఎండబెట్టడమే ఒట్టి తునకలంటే. అట్లా ఎండినవి వానాకాలమంతా నిలవుంటాయి. గోంగూరలో వేస్తే ఒక రుచి, చింతచిగురులో వేస్తే ఒక రుచి. చెప్పడానికి ఇంతే. చేసి చూస్తే తెలుస్తుంది ఎన్ని తిప్పలో. అవ్వ కత్తిపీట ముందు కూర్చుని కండను అటు ఒక కోత, ఇటు ఒక కోత తెగిపోకుండా కోసుకుంటూ పోయి, రెండు చేతులతో సాగదీసేది. పిడికెడు కండ మూరెడు పట్టీ అయ్యేది. ఎక్కడా మందం, ఎక్కడా పలచన లేదు. "మందమున్న కాడ తడి దాసుకుంటది. తడి దాసుకున్న కూర, కోపం దాసుకున్న మనిషి ఒక్కటే. ఎప్పుడో అప్పుడు కంపు లేస్తది" అనేది.

ఎండిందో లేదో తేల్చుకోవడానికి రేకు డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఒక తునకతో దాని మీద కొట్టి చూసేది. టక్కుమంటే దింపుతుంది. మెత్తగా పలికితే ఇంకో ఎండ. మిగతావాళ్లకు ఆ రెండు చప్పుళ్లూ ఒక్కలాగే వినిపించేవి. ఒకసారి నేనూ కొట్టి "టక్కుమంటాంది గదవ్వా" అన్నాను. "టక్కుమన్నది డబ్బా" అంది.

ఎవరి దండ ఎవరిదో చెప్పడానికి కాగితాలు, గుర్తులు ఏమీ లేవు. దారం కొసన ముడులు వేసేది. మా ఇంటికి రెండు, యాదమ్మకు మూడు, కిరాణం వాళ్లకు ఒకటి వేసి పైన మెలిక. పాతిక ఇండ్ల కూర ఒకే దండెం మీద వేలాడినా ఒక్క తునక అటు ఇటు అయిందన్న మాట వినలేదు.

ఊళ్లో ఫ్రిజ్‌లు రావడం ఆమెకు నచ్చలేదు. "ఫ్రిజ్‌ల పెట్టిన కూర తెలివి తప్పి పంటది. ఎండల పెట్టింది గట్టిపడుతది. మనిషైనా గంతే" అని తీర్పు చెప్పేసింది. ఆదివారం చర్చిలో పాటలు పాడి వచ్చి, సోమవారం ముత్యాలమ్మకు కోసిన యాట కూరను దండ గుచ్చేది. ఎవరో కొంటెగా అడిగారు, అమ్మవారి కూర ముట్టుకుంటే మీ దేవుడు ఏమీ అనడా అని. "దేవునికి నా పానం గావాలె. కూరకు ఎండ గావాలె. ఎవలది వాళ్లకు ఇస్తున్న" అంది.

ఇక దారం సంగతి. దండ గుచ్చే దారం కోసం ఆమె మా ఇంటికే వచ్చేది. కొట్టులో దొరికే ప్లాస్టిక్ దారం కూరను కోస్తుందట. రంగు దారం పసుపులో దిగుతుందట. మగ్గం మీద నిలువుగా పరిచే పడుగుకు గంజి పెడతాం, అప్పుడే నేతకు ఆగుతుంది. అడ్డంగా వేసే పేకకు గంజి ఉండదు. అవ్వకు కావలసింది ఆ పేక నూలే. ఎనిమిది పోగులు కలిపి తొడ మీద పేనుకుంటే యాట బరువును మోస్తుంది. "గంజి అంటే బువ్వనే గద బిడ్డా. కూర పక్కన బువ్వ పెడితె బూజు సుట్టపుచూపుగ రాదా?" అనేది. అందుకని దారం చేతికి ఇవ్వగానే ముందు కొసను నాలుక మీద పెట్టుకుని చూసేది. గంజి ఉంటే చప్పగా, జిగటగా తెలుస్తుందట.

అత్తమ్మకు ఇది గిట్టేది కాదు. కండె ఎంగిలవుతుందని గొణిగేది. అందుకని అవ్వ మా అరుగు కిందే నిలబడి, నన్ను మూరెడు తెంపి ఇమ్మని, దాన్ని నాలుకకు పెట్టుకుని, బాగుంటే మిగతాది తీసుకునేది. ఆమె చేత్తో గుచ్చిన కూర మేం లొట్టలేసుకుంటూ తినేవాళ్లం. ఆమెను మాత్రం గడప దాటి లోపలికి రమ్మన్న పాపాన పోలేదు. నేనూ అనలేదు. చదువుకున్నదాన్ని కదా, ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

యాదమ్మ బత్తాయి తోటలో కూలికి పోయేది. ఆమె బిడ్డకు పెళ్లయి అయిదేండ్లయినా కడుపు పండలేదు. యాదమ్మ ఎల్లమ్మకు మొక్కుకుని ఒక యాట పిల్లను పెంచింది. బిడ్డ నీళ్లోసుకుంటే యాటను ఇస్తానని, తొడ కూర ఎండబెట్టి, పురుటికి వచ్చినప్పుడు తొలి బువ్వలో ఆ కూరే బిడ్డకు పెడతానని మొక్కు. ఆ యాటను తన మంచం కోడుకే కట్టేసి పెంచింది. బిడ్డకు నెల తప్పింది. ఏడో నెలలో, ఆమె పురుటికి వచ్చే వారం ముందు, యాటను ఇచ్చారు. ఇరుగుపొరుగుకు తలా ఒక పోగు పంచడం రివాజు కాబట్టి మా ఇంటికీ ఒక పోగు వచ్చింది. ఆ రోజు అత్తమ్మకు ఒక్కపొద్దు. అందుకని మా కూర కూడా అవ్వ దగ్గరికే పంపాం. ఉన్న పాత దారంతో అవ్వ మా చిన్న దండ గుచ్చేసింది. యాదమ్మ దండకు దారం చాలక మా ఇంటికి వచ్చింది.

ఆ వేళ అవ్వ చెంప బూరెలా ఉంది. పొద్దున్నే దవాఖానలో పన్ను పీకించుకుంది. నోట్లో దూది. నేను అరుగు మీద పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఆమె సైగ చేసి, దూది పక్కనుంచి అతికష్టం మీద అడిగింది.

"గంజి... లేదు గద బిడ్డా?"

గోడకు రెండు నూలు చిలపలు, అంటే దారపు చుట్టలు, వేలాడుతున్నాయి, ఒకటి గంజి పెట్టిన పడుగుది, ఒకటి పేకది. అందినది లాగి ఇచ్చాను. "లేదు లేదవ్వా, తీస్కపో" అన్నాను. తల కూడా ఎత్తలేదు. ఆ క్షణంలో నేను చేస్తున్న పనేమిటో నాకు బాగా గుర్తుంది. ప్రశ్న చదవకుండా జవాబు రాసినందుకు ఒకడికి ఎర్ర సిరాతో సున్నా చుడుతున్నాను.

తరువాత రెండు రోజులు మబ్బు పట్టింది. అయిదో నాడు మా దండ తెచ్చుకుందామని అవ్వ ఇంటికి వెళ్లి, బయటి మెట్ల మీదుగా స్లాబు ఎక్కాను. ఆమె పాత చీర పరదా తొలగించి దండెం ముందు నిలబడి ఉంది. మా దండ శుభ్రంగా ఉంది. మూడు ముడుల దండలో ప్రతి తునకకూ, దారం దూరిన రంధ్రం చుట్టూ, తెల్లగా పచ్చగా బూజు. ఒక్క తునక మిగలలేదు.

అవ్వ దారం లాగి నాలుకకు పెట్టుకుంది. పక్కకు ఉమ్మేసింది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే అక్కడే చెప్పేసేదాన్నేమో. చూడలేదు కాబట్టి నేను నోరు మూసుకున్నాను.

"గీకి, కడిగి, మళ్ల ఎండబెడితె?" అన్నాను.

"కడుపుతోటి ఉన్న పిల్ల తినేది బిడ్డా" అంది. ఆ దండను తీసుకెళ్లి ఇంటి వెనక గొయ్యి తవ్వి పూడ్చింది. చేతులు కడుక్కుని నేరుగా యాదమ్మ ఇంటికి బయల్దేరింది. నేను మా దండ పట్టుకుని వెనకాలే నడిచాను. ఎందుకు నడిచానో నాకే తెలియదు. దొంగకు తేలు కుట్టినట్టుంది నా పరిస్థితి.

"యాదమ్మా, నా చెయ్యి దప్పింది. నీ దండ ఖరాబైంది" అంది అవ్వ, వాకిట్లో నిలబడే.

యాదమ్మ కూలబడిపోయింది. "అయిదేండ్ల మొక్కవ్వా! నా బిడ్డ ఎల్లుండొస్తాంది. నీ చేతుల పెడితె దేవుని చేతుల పెట్టినట్టేనని నిమ్మలంగున్న. గిట్ల జేస్తివి?"

"నా దండ ఉన్నది, క్రిస్మస్‌కు దాసుకున్నది..."

"నీ కూర నాకెందుకు? మొక్కు యాట గాదు గదా అది!"

వాడలో ఆడవాళ్లంతా గుమిగూడారు. అవ్వ నా చేతిలోని దండ వైపు చూసి, "బిడ్డా, గది గూడ గా యాటదే గదా. ఇస్తవా?" అంది.

ఇచ్చాను. యాదమ్మ ఆ చిన్న దండను కళ్లకద్దుకుని ఏడ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది. "పంతులమ్మది ఎంత పెద్ద మనసే" అన్నారు ఆడవాళ్లు. అవ్వ అందరి మధ్యనుంచి తలొంచుకుని వెళ్లిపోయింది. నేను పెద్ద మనసుతో అక్కడే నిలబడ్డాను.

యాదమ్మ బిడ్డ మూడో నాడు వచ్చి తొలి బువ్వలో మొక్కు కూర తిన్నది. రెండు నెలలకు ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. కానీ అవ్వ పేరు మాత్రం చెడింది. దసరాకు ఆమె దండెం మీద నాలుగు దండలకు మించి లేవు. అవ్వకు చూపు ఆనడం లేదన్నారు, చెయ్యి వణుకుతోందన్నారు. ఆమె చెయ్యి వణకడం నేనెన్నడూ చూడలేదు. కూరంతా ఫ్రిజ్‌లలోకి పోయింది.

ఆ దసరాకు ముందు ఆమె దారానికి మళ్లీ మా ఇంటికే వచ్చింది. వేరే నేతగాళ్ల ఇండ్లు లేక కాదు. మూరెడు తెంపి ఇచ్చాను. నాలుకకు పెట్టుకుంది. "మంచిగున్నది" అని మిగతాది తీసుకుని వెళ్లింది. ఒక దెప్పు లేదు, ఒక మూతి విరుపు లేదు. తిట్టి ఉంటే హాయిగా తినేదాన్ని. ఆ రాత్రి ముద్ద దిగలేదు.

పది రోజుల తరువాత మహిళా సంఘం మీటింగులో యాదమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "పంతులమ్మ పుణ్యాన పుట్టింది. లేకుంటే అవ్వ చేతుల మొక్కు దప్పుతుండె" అని పదిమందిలో మళ్లీ ఎత్తుకుంది. అవ్వ గోడకు ఆనుకుని ఒక మూల కూర్చుని ఉంది. లేచి నిలబడ్డాను.

"దారం నేనిచ్చిన. గంజి దారం. అవ్వ అడిగింది గంజి ఉన్నదా అని. నేను సూడకుండనే లేదన్న. తప్పు నాది, అవ్వది గాదు" అన్నాను.

అవ్వ మెచ్చుకుంటుందని, కనీసం కళ్ల నీళ్లు పెట్టుకుంటుందని అనుకున్నాను. ఆమె కొప్పులోంచి దబ్బనం పీకి నా వైపు చూపించింది. ఆమె కోపం చూడడం అదే మొదలు.

"కూసో! నా తప్పు మొయ్యనీకి నువ్వెవలు? ఇచ్చింది నువ్వు. గుచ్చింది ఎవలు? నలభై ఏండ్ల సంది నాలుకకు పెట్టుకోకుంట ఒక్క దండ గుచ్చలే. పన్ను నొస్తున్నదని గానాడు గుచ్చిన. గది నాది. నా తప్పును ఎవలకియ్య."

నేను కూర్చోబోయాను.

"ఆగు" అంది. "సూడకుండ లేదన్నవు సూడు, గది నీది. గది నాకక్కెర లేదు. నీ తప్పు నువ్వు ఇంటికి తీస్కపో."

ఎవరికెంత రావాలో అంత, పోగులు పెట్టినట్టు పంచేసింది. దబ్బనం మళ్లీ కొప్పులో గుచ్చుకుని, "ఇగ మీటింగు జరుపుండ్రి" అంది.

యాదమ్మ మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ సంక్రాంతికి మాత్రం కూర గిన్నె ఎత్తుకుని అవ్వ ఇంటికి వెళ్లింది. ఆమె వెనక మిగతావాళ్లూ వెళ్లారు. ఫ్రిజ్‌లో పెట్టిన కూర పీచులా ఉంటోందని అప్పటికప్పుడు అందరికీ గుర్తొచ్చింది.

అవ్వ నన్ను కూడా పిలిపించింది. "దారమిచ్చేటోళ్లకు గుచ్చుడు ఎరుకుండాలె" అంది. నేను మొదటిసారి ఆమె గడప లోపలికి వెళ్లి, నేల మీద ఆమె ఎదురుగా కూర్చున్నాను. మూడు ఆదివారాలు వేళ్లు కోసుకున్నాను. నా పట్టీలు ఎక్కడ పడితే అక్కడ తెగేవి. "తెలుగు జెప్పినట్టు కొయ్యకు, జర నిమ్మలంగ కొయ్యి" అని నవ్వేది. తరువాత తరువాత చెయ్యి కుదిరింది. ఎవరి ముడి ఎవరిదో కూడా చెప్పింది. డబ్బా చప్పుడు మాత్రం నాకు నిరుటిదాకా పట్టుబడలేదు. పట్టుబడిన రోజు ఆమె టీ పెట్టి ఇచ్చింది.

ఈ ఎండాకాలం ఒక మధ్యాహ్నం అవ్వ కన్నుమూసింది. పొద్దుటిదాకా పని చేసిన మనిషే. స్లాబు మీద ఆరు దండలు ఎండుతున్నాయి. మట్టి చేసి వచ్చాక, అత్తగారి ఊరి నుంచి వచ్చిన ఆమె బిడ్డ వాటిని దింపి వరసగా పేర్చి, ఎవరివి ఎవరికి ఇవ్వాలో తెలియక ఏడుస్తూ కూర్చుంది. నేను ముడులు చూసి ఒక్కొక్క ఇంటికీ తిరిగి ఇచ్చి వచ్చాను. ఆరో ఇంటి దగ్గర నాకూ దుఃఖం ఆగలేదు. జ్ఞాపకార్థ కూడిక నాడు ఆ బిడ్డ నా చేతిలో దబ్బనం పెట్టింది. "నీకే ఇయ్యమన్నది" అంది. అది నాకు కొప్పులో నిలవలేదు. నా జుట్టు అంత లేదు. చేతి సంచిలో పెట్టుకుంటున్నాను.

కిందటి ఆదివారం అరుగు మీద గిన్నె ముందు కూర్చుని దారం తీశాను. అది ముందురోజు నేనే చుట్టిన పేక నూలు. గంజి ఆ దరిదాపులకు కూడా పోలేదని నాకు తెలుసు. అత్తమ్మ గడపలో నిలబడి చూస్తోంది. యాదమ్మ మనవరాలు, ఆ మొక్కు పిల్లే, ఇప్పుడు బడికి పోతోంది, దబ్బనంతో పాటు నాకు చేరిన అవ్వ రేకు డబ్బా మీద చేత్తో దరువు వేస్తోంది.

"గంజి లేదు గదా పంతులమ్మా?" అంది యాదమ్మ.

"లేదు" అనబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపి, మూరెడు దారం తెంపి, ఆ నాలుక మీద పెట్టుకున్నాను. యాదమ్మ, అత్తమ్మ ఇద్దరూ నా మొహం వైపే చూస్తున్నారు.

అప్పుడు చెప్పాను, లేదని.